నాలుగో తరగతి లంగా

తెలంగాణ రావాలని ఊరూ వాడా సమ్మె చేస్తున్న రోజుల్లో, ఆ సమ్మె ఎప్పటికీ అయిపోకూడదని కోరుకున్నదాన్ని మా తండాలో నేనొక్కదాన్నే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకప్పుడు నోరు పెగిలేది కాదు.

2011 సంగతి అది. గూడూరు దాటాక అడవి మొదలయ్యే చోట మా తండా. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా అంటున్నారు గానీ అప్పుడంతా వరంగల్లే. ఇంట్లో మేం లంబాడీ మాటే మాట్లాడుకుంటాం. అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు ద్వాళి. బాపు ప్రేమ్‌సింగ్ భూపాలపల్లి దగ్గర పవర్ ప్లాంటు కట్టే చోట కూలికి పోయేవాడు, నెలకొకసారి బస్సెక్కి ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది యాడి, నేను. నిజానికి ఇంకొకరు కూడా ఉండేవారు. ఆమె సంగతి ముందే చెప్పాలి.

నాకంటే ముందు యాడికి ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు కమ్లీ. రెండేళ్లు నిండకముందే జ్వరమొచ్చి పోయింది. ఆ ఏడాది తిరగకముందే నేను పుట్టాను, తండాలో కాదు, మావాళ్లు పనికి పోయిన చోట, రేకుల షెడ్డులో. నన్ను చేతిలో పెట్టగానే యాడి నా మొహం చూసి "వచ్చింది" అన్నదట. నాకూ కమ్లీ అనే పేరు పెట్టింది. పోయిన బిడ్డే మళ్లీ కడుపున పడిందని చాలామంది తల్లులు అంటారు. నాలుగు రోజులు అనుకుంటారు, ఆ తర్వాత పనుల్లో పడి మరిచిపోతారు. మా యాడి మరవలేదు.

"నువ్వు ఏడాదికే గడగడ మాట్లాడినవు" అనేది నాకు తల దువ్వుతూ. "మేకపిల్ల తోక వట్టుకొని వాకిలంత తిరిగినవు. యాదికి లేదా?"

నాకు యాదికి లేదు. ఎంత గుర్తు తెచ్చుకున్నా మేకపిల్ల తోక దొరికేది కాదు. నేను మరిచిపోయాననే అనుకునేదాన్ని, నా మతిమరుపు మీద నాకే సిగ్గేసేది. ఒకసారి బాపు మేకలు తోలుకుపోతూ నన్ను వెంట తీసుకుపోయి, చేను అవతల గుట్ట కింద చిన్న మట్టిదిబ్బ చూపించాడు. "గక్కడ మీ అక్క ఉన్నది. యాడితోని అనకు" అన్నాడు. అక్క అంటే ఎవరని నేను అడగలేదు. యాడి ఆ దిక్కుకు ఎప్పుడూ నడవదని మాత్రం నాకు తెలుసు. తండాలో అందరికీ తెలుసు. ఎవరూ ఆమె ముందు ఆ ఊసు ఎత్తేవారు కాదు. పిచ్చి కాదు కదా, ఒక్క మాటే కదా, పోనీలే అనుకునేవారు.

ఆ ఒక్క మాట వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేకుండా ఏడేళ్లు గడిచాయి. ఇంకెన్నో గడిచేవే, జూన్‌లో రజిత టీచర్ మా ఇంటికి రాకపోతే.

బడిబాట అని ఇల్లిల్లూ తిరుగుతోంది ఆమె. బడికి రాని పిల్లలందరినీ చేర్చాలని కొత్త చట్టం వచ్చిందట. గూడూరు నుంచి వచ్చేది, సన్నగా ఉండేది, చేతిలో అంగన్‌వాడీ నుంచి తెచ్చిన రిజిస్టరు. బాపు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. యాడి గడపలో కూర్చుని గోధుమలు చెరుగుతోంది.

"కమ్లీ, తండ్రి ప్రేమ్‌సింగ్, తల్లి ద్వాళి. రెండువేల రెండు, ఆగస్టు" అని చదివింది టీచర్. "గీ పిల్లనే గదా?"

బాపు మెడ గోక్కున్నాడు. ఆ పుస్తకంలో ఉన్నది మొదటి కమ్లీ. నా పుట్టుక ఎవరూ ఎక్కడా రాయించలేదు, ఆమె చావూ రాయించలేదు. బాపు యాడి వంక చూశాడు. యాడి చేట ఆపి బాపు వంక చూసింది.

"గీ పిల్లనే. రాయిండ్రి" అన్నాడు బాపు.

"అయితే తొమ్మిది నడుస్తున్నయ్. జర చిన్నగ కనవడుతున్నది."

"తిండి సరిగ తినది" అన్నది యాడి వెంటనే.

అట్లా నేను నాలుగో తరగతిలో చేరాను. ఆరు నిండి ఏడు నడుస్తున్నాయి నాకు. ఒక్క అక్షరం రాదు. తెలుగు కూడా సంతలో, బస్సులో విన్నంతే వచ్చు.

బడి మా తండాకు కిలోమీటరు దూరం, రోడ్డు పక్కన రెండు గదులు. హెడ్‌మాస్టర్ సారయ్య సార్, రజిత టీచర్, అయిదు తరగతులు. నాలుగో తరగతి పిల్లలు నా తల వాళ్ల భుజానికి అందనంత ఎత్తుండేవారు, వాళ్ల పుస్తకంలో ఒక్కో పేజీ నిండా నల్లగా అక్షరాలు. వాళ్లందరికీ చదవడం వచ్చు. నా వయసు వాళ్లకు రావాల్సిందే కాబట్టి నాకూ ఒకప్పుడు వచ్చే ఉంటుందని, మేకపిల్ల తోక మాదిరిగానే అది కూడా మరిచిపోయాననీ అనుకున్నాను. ఏడేళ్ల పిల్లకు అంతకంటే సబబుగా ఏం తోస్తుంది? ఒక్క పుట్టుకలో ఇన్ని మరిచిపోయిన పిల్ల ఇంకొకతె ఉండదని ఏడుపొచ్చేది.

పొద్దున హాజరు పిలిచేవారు. "కమ్లీ" అనగానే నా గొంతు మూసుకుపోయేది. పిలిచింది పుస్తకంలో ఉన్న ఆ తొమ్మిదేళ్ల కమ్లీని, గుట్ట కిందున్న ఆమెను అనిపించేది. ఆమె రాలేదు. ఆమె బదులు నేను పలికితే అందరికీ దొరికిపోతాననిపించేది. పక్కన కూర్చునే విమల నన్ను మోచేత్తో పొడిచి, నేను పలకకపోతే తనే "వచ్చింది సార్" అనేది. మంచి పిల్లే విమల. కాకపోతే వారం తర్వాత విసుగొచ్చి, "నువ్వు నా అంత ఉన్నవంట గదే, పుస్తకంల. మరి గట్లెందుకున్నవ్?" అని అడిగింది. ఆ తర్వాత ఆమె కొంచెం అటు జరిగి కూర్చుంది.

జూలైలో బట్టలిచ్చారు. నీలం లంగా, లేత నీలం చొక్కా. తరగతిని బట్టి కొలత. నాలుగో తరగతి లంగా నా పాదాల మీద పడేది, నడుము దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలేది. యాడి కుట్టుపనిలో దిట్ట. అద్దాలు, గవ్వలు పెట్టి ఆమె కుట్టిన రవిక చూసి పక్క తండాల వాళ్లు కూడా కొలతలిచ్చిపోయేవారు. అలాంటి మనిషి నా లంగాను సూది పట్టి ముట్టలేదు.

"పొడుగున్నది, యాడీ" అన్నాను.

"లేదు. కమ్లీకి సరిపోతది. నువ్వే కడుపు లోపటికి గుంజుకుంటున్నవ్."

పిన్నీసు పెట్టుకుని, చేత్తో ఎత్తిపట్టుకుని నడిచేదాన్ని. ఒక చేయి లంగాకు పోయేది కాబట్టి ఆటలకు దూరమయ్యాను. ఒకరోజు ఒంటికి వస్తోందని చెప్పలేక బెంచీ మీదే తడుపుకున్నాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. రజిత టీచర్ నీళ్లు తెచ్చి తనే కడిగింది. పిల్లలు ముక్కు మూసుకుని గోడవైపు జరిగారు. ఆ రోజు నుంచి ఆ బెంచీ నా ఒక్కదానిదే అయింది. పొద్దున లేస్తే కడుపులో నొప్పి. యాడి నులిపురుగుల మందు పోయించింది. ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది నాకు. అడిగితే తలూపేదాన్ని. ఏడాదికే గడగడ మాట్లాడిన కమ్లీ ఇట్లా ఎందుకైందని యాడి నన్ను వింతగా చూసేది, ఆ చూపు నాకు బడికంటే కష్టంగా ఉండేది.

ఆగస్టులో సారయ్య సార్ యాడిని పిలిపించాడు. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను.

"మూడు నెలలాయె, పిల్ల నోరు తెరుస్తలేదు. నన్నేం చేయమంటవమ్మా?" అన్నాడు సార్. "వయసును బట్టే తరగతి అని చట్టం. కిందికి దింపుడు లేదు, ఫెయిలు చేసుడు లేదు. మధ్యల వచ్చినోళ్లకు విడిగ చదువు చెప్పాలని గూడ అండ్లనే రాసిండ్రు. చెప్పెటోళ్లను ఇయ్యకపాయె. ఇద్దరం ఉన్నం, అయిదు తరగతులు."

"అన్ని వస్తయ్ సారూ, దానికి. మస్తు తెలివి దానికి. చిన్నప్పుడు చూడాల్సింది" అన్నది యాడి.

ఇప్పుడు నేను జనగామలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. ఆ చట్టం మొదటి నుంచి చివరి దాకా చదివాను. మంచి చట్టమే. పెద్ద పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి సిగ్గుపడేలా చేయొద్దని పెట్టిన నియమమది. కొట్టొద్దని ఉంది, మనసు నొప్పించొద్దని కూడా ఉంది. మా బడిలో అన్నీ పాటించారు. హాజరు పట్టీలో నేను ఒక్కరోజు కూడా గైర్హాజరు కాలేదు. అయినా ఆ మూడు నెలలు నాకు ఈ భూమ్మీద ఒక్క మనిషీ తోడు లేడు. ఇది రాసుకునే గడి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

సెప్టెంబర్‌లో సమ్మె వచ్చింది.

నాకైతే దేవుడే వచ్చినట్టుంది. సార్లు సమ్మెలోకి పోయారు, బడికి తాళం పడింది. రోడ్డు మీద బస్సు లేదు. రెండ్రోజులకొకసారి ట్రాక్టర్ల నిండా జనం జెండాలు పట్టుకుని గూడూరు వైపు పోయేవారు, డప్పులు మోగేవి. తండాలో మగవాళ్లు రేడియో చుట్టూ కూర్చుని ఇవాళా రేపా అని మాట్లాడుకునేవారు. బస్సుల్లేక బాపు భూపాలపల్లిలోనే చిక్కుకుపోయాడు. పక్కింటి వాళ్ల సెల్లుకు ఒకసారి ఫోన్ చేశాడు. "బొగ్గుబాయిలు గూడ బందైనయ్, లారీలు నడుస్తలేవు. సమ్మె అయినంక వస్త" అని చెప్పాడు.

నేను నీలం లంగా చుట్టచుట్టి దండెం మీద అందరి బట్టల వెనక్కి తోసేశాను. యాడి మక్క చేనులో కంకులు విరవడానికి పోతే నేను మేకలతో పోయేదాన్ని. తిన్నగా గుట్ట కిందికి, బాపు చూపించిన చోటికి. అక్కడ కూర్చుంటే నాకు మళ్లీ మాటలొచ్చాయి. దిబ్బ మీద గడ్డి పీకుతూ బడి గురించి అంతా చెప్పేదాన్ని. నీ బెంచీ అట్లనే ఉన్నది, నీ పుస్తకాలు నేనే మోస్తున్న, రోజూ నిన్ను పిలుస్తున్నరు, నువ్వు పోతలేవు. ఆమె మీద నాకు కోపమేమీ లేదు. నేను చెప్పగలిగినంత సేపు నా మాట వినేది ఆమె ఒక్కతే. ఎంత ఒంటరిగా ఉంటే మట్టిదిబ్బతో చుట్టరికం కుదురుతుందో ఇప్పుడు తలచుకుంటే నాకే జాలేస్తుంది. అప్పుడు మాత్రం హాయిగా ఉండేది.

దసరా ముందు గూడూరు చౌరస్తాలో వంటావార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, దారి బంద్ చేయడం. మా తండా ఆడవాళ్లంతా గిన్నెలు, కట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచి పోయాం. ఎప్పుడూ లారీలు పోయే తారురోడ్డు మీద యాభై పొయ్యిలు. పొగ, పాటలు, నినాదాలు. బడి లేని పిల్లలంతా రోడ్డు మధ్య గెంతుతున్నారు. సారయ్య సార్ టెంటు ముందు గొంతుక్కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, కళ్లనిండా నీళ్లు.

"ఏందే కమ్లీ, ఎట్లున్నవ్?" అన్నాడు నన్ను చూసి.

నేను ఉడికిన మక్క కంకి కొరుకుతున్నాను. సార్‌ను చూసిన భయంతో గట్టిగా కొరికాను. పటుక్కుమంది. నోట్లో ఉప్పుఉప్పుగా తగిలింది. కంకిలో ఇరుక్కుని నా పై పన్ను, ముందుది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. సార్ మాత్రం కత్తిపీట పక్కన పెట్టాడు. దగ్గరికొచ్చి నా గడ్డం ఎత్తి నోరు చూశాడు. పక్కపన్ను కూడా ఊగుతోంది.

"చేయి నెత్తి మీదికెల్లి పెట్టి, అవతలి చెవి వట్టుకో" అన్నాడు.

నేను పట్టుకున్నాను. వేళ్లు చెవి పైభాగానికి అంది, అందనట్టు ఉన్నాయి.

"ముప్పై ఏండ్లు చేసిన నౌకరి. పొట్టిపిల్లలు వేరు, చిన్నపిల్లలు వేరు" అన్నాడు సార్ నెమ్మదిగా. "బడిల నేను దీని మొకం సరిగ చూడలే. ద్వాళమ్మా, దీనికి ఏడేండ్లు గూడ నిండలే. ఎవరి పుట్టినదినం రాయించినవ్?"

యాడి గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. "దానిదే."

"తప్పు పడ్డదని నువ్వొక కాయితం రాసిస్తే నేను దిద్దుత. తల్లి చెప్పిన మాట చెల్లుతది, గా చట్టంలనే ఉన్నది. రెండో తరగతిల కూసోవెడితే పిల్ల బతుకుతది."

"తొమ్మిదే దానికి" అన్నది యాడి. "నేను కన్న. నాకు తెల్వదా, సారూ?"

మా తండా ఆడవాళ్లు ఒక్కరు కూడా తలెత్తలేదు. ఒకామె పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. సార్ అందరి మొహాలూ చూశాడు. ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. మళ్లీ పోయి ఉల్లిగడ్డల ముందు కూర్చున్నాడు. తిరుగుదారిలో యాడి గిన్నె నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. నేను నడుస్తూ ఖాళీ అయిన చిగురును నాలుకతో తడుముకున్నాను. సార్ అన్న మాట నాకు కొంత అర్థమైంది. నాది కాని వయసు నా దగ్గర ఉంది. దాన్ని ఇచ్చేయాలంటే యాడి ఒప్పుకోవాలి.

దసరా పోయింది. బతుకమ్మలు నీళ్లలో కలిశాయి. తర్వాతి వారం ఒక మధ్యాహ్నం రజిత టీచర్ సైకిల్ మీద తండాకొచ్చి, రేపటి నుంచి బడి ఉందని ఇల్లిల్లూ చెప్పిపోయింది. సార్లు సమ్మె ఆపారట. తెలంగాణ వచ్చిందా అని ఎవరో అడిగారు. ఇంకా రాలేదు అన్నది ఆమె, సైకిల్ తిప్పుకుంటూ.

యాడి వాకిట్లో మక్కలు ఎండబోస్తోంది. ఆ కబురు విని లోపలికి పోయి, దండెం వెనక నుంచి నీలం లంగా తీసి దులిపి, "ఇగో, తొడిగి చూడు" అన్నది. నేను తొడుక్కున్నాను. నెల రోజులు మేకల వెంట తిరిగినా నేనేమీ పెరగలేదు. లంగా పాదాల మీద పడింది, ఎండలో మక్కల మీద ఈడ్చుకుపోయింది.

నాకు భయమేయలేదు. నెల రోజులు ఆలోచించి పెట్టుకున్న మాట ఒకటి నా దగ్గర ఉంది. గుట్ట కింద కూర్చుని ఆమెతో కూడా మాట్లాడుకున్నాను, ఆమె కాదనలేదు. అందుకే ఎంతో మామూలుగా, మా ఇంటి మాటలో అడిగాను.

"యాడీ, బడికి ఆమెను తోలు. గా తరగతి ఆమెదే గదా. లంగ గూడ ఆమెదే. నేను గుట్ట కింద ఉంట, ఆమె జాగల."

యాడి చేతిలో మక్కలున్నాయి. అవి అట్లాగే ఉన్నాయి. మేకపిల్ల ఒకటి వచ్చి ఎండబోసిన వాటిలో మూతి పెట్టింది, ఆమె అదిలించలేదు. లేచి ఇంట్లోకి పోయింది. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. సూది, నల్లదారం ఉండ తీసుకుని వచ్చింది.

నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, దారం ఒక కొన నా నడుము మీద పెట్టి, రెండో కొన మోకాలి కిందికి లాగింది. పక్క తండాల వాళ్లందరి కొలతలూ తెలిసిన మనిషి, నన్ను కొలవడం అదే మొదటిసారి. దారం కొరికి, చేతిలో పట్టుకుని దాని వంక చూసింది.

"నువ్వు గింతనే ఉన్నవా?" అన్నది.

"ఊ" అన్నాను.

గుడ్డ కత్తిరించలేదు. లోపలికి రెండు మడతలు వేసి కుట్టింది. నడుము దగ్గర కూడా మడిచింది. కుట్టు కుట్టుకూ సూది ఆగిపోయేది, మళ్లీ కదిలేది. నేను ఆమె పక్కనే మక్కల్లో కూర్చుని మేకలను అదిలించాను. పొద్దు వాలే వేళకు లంగా నా ఒంటికి సరిగ్గా సరిపోయింది. రెండు చేతులూ ఖాళీ అయ్యేసరికి వాటిని ఏం చేయాలో తోచలేదు.

తెల్లారి యాడి నాతో బడికొచ్చింది. వరండాలో సారయ్య సార్ బల్ల ముందు నిలబడి, "కాయితం రాయుండ్రి, సారూ" అన్నది.

సార్ ఎందుకని అడగలేదు. తెల్లకాగితం తీశాడు. "పెద్దపిల్ల ఎప్పుడు పోయింది?"

"చలి పోయినంక. మోదుగుపూలు పూసినయ్."

"ఇది?"

"గా ఏడాదే. మక్కలు ఇరిసేటప్పుడు."

సార్ రాసింది చదివి వినిపించాడు. నా పెద్దకూతురు కమ్లీ చనిపోయినది అనే దగ్గర యాడి కళ్లు మూసుకుంది. వేలిముద్ర పెట్టేటప్పుడు సిరా అలుక్కుపోయింది, ఇంకోసారి పెట్టింది. తర్వాత తడిగుడ్డతో వేలు తుడుచుకుంటూ అడిగింది.

"పేరు గూడ మార్చాల్నా, సారూ?"

"వద్దమ్మా. పేరు ఇద్దరిది గూడ ఉండనియ్యి" అన్నాడు సార్.

రెండో తరగతిలో నా ఎత్తు పిల్లలే ఉన్నారు. ముగ్గురికి ముందుపళ్లు లేవు. వాళ్లు ఇంకా గుణింతాల దగ్గరే తడబడుతున్నారు. రజిత టీచర్ హాజరు పిలుస్తూ నా పేరు చివర్న, కొత్తగా రాసిన చోట చదివింది. "కమ్లీ." గొంతులో ఏమీ అడ్డుపడలేదు. "ఉన్న టీచర్" అన్నాను. పళ్లసందులోంచి గాలి పోయింది, పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను.

ఈ కథ అక్కడ ఆగితే బాగుండేది.

బస్సులు నడవడం మొదలైన నాలుగో రోజు బాపు వచ్చాడు. నేను బడి నుంచి వచ్చి గడపలో కూర్చుని పలక మీద క, కా రాసుకుంటున్నాను. యాడి పొయ్యి మీద అన్నం పెట్టింది. ఆ నాలుగు రోజులూ ఆమె నాకు తల దువ్వుతూ ఒక్క పాత ముచ్చట కూడా చెప్పలేదు. మేకపిల్ల ఊసెత్తలేదు. నన్ను ఏమని పిలవాలో తెలియనట్టు, "ఏయ్, ఇగో" అని పిలిచేది. బడిలో నాకు తోడు దొరికింది గానీ ఇంట్లో యాడి ఒడి వెలితైపోయింది. ఆమె చూపు నా మీద పడేది, కాసేపు ఆగేది, ఇంకెవరినో వెతుక్కుంటూ వాకిట్లోకి పోయేది.

బాపు సంచీ దించి, నన్ను చూసి, "లంగ మంచిగ కుట్టినవ్" అన్నాడు యాడితో.

యాడి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆయన ముందు నిలబడి, ఊరి నుంచి వచ్చినవాళ్లకు కబురు చెప్పినట్టు చెప్పింది.

"కమ్లీ పోయింది."

బాపు ఆమె మొహంలోకి చూశాడు. ఏడేళ్లు ఆ మాటను ఒక్కడే మోసిన మనిషి. నిలబడ్డవాడు నిలబడ్డచోటే గోడకానుకుని కిందికి జారాడు. "కమ్లీ" అన్నాడు. "కమ్లీ, నా బిడ్డా." ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. నేను పుట్టకముందు ఏడవాల్సిన ఏడుపు అది.

నేను పలక పట్టుకుని గడపలోనే ఉన్నాను. బాపు ఆ పేరును మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడు. జూన్ నుంచి ఆ పేరు వినబడితే భయంతో నోరు మూసుకున్నదాన్ని, నాలుగు రోజుల క్రితమే పలకడం నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు పలికితే బాపు నన్ను దగ్గరికి తీసుకునేవాడే. నన్ను ఎత్తుకోవాలని నాకు ఎంతో ఉంది. కానీ ఆ పిలుపు నాది కాదు. గుట్ట కిందున్న ఆమెను ఎవరైనా పేరు పెట్టి పిలవడం ఏడేళ్లలో అదే మొదటిసారి. ఆమెను విననివ్వాలని నేను పలకలేదు.

అన్నం మాడుతున్న వాసన వచ్చింది. పలక పక్కన పెట్టి, లోపలికి పోయి, పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగాను.